ఎంపిక మీది, సీటు ఎవరిది?

నచ్చిన ప్రభుత్వ బడిని ఎంచుకునే స్వేచ్ఛను అమెరికా నగరాలు అర్ధ శతాబ్దంగా ప్రయోగించి చూస్తున్నాయి. స్వేచ్ఛ ఇవ్వడం తేలికే. దాన్ని న్యాయంగా పంచడమే కష్టమని వాటి అనుభవం చెబుతోంది.

బోస్టన్ నగరంలో 2005 దాకా పిల్లవాడిని ప్రభుత్వ బడిలో చేర్చడమంటే తల్లిదండ్రులకు పేకాట లాంటిది. దరఖాస్తులో మొదటి గడిలో ఏ బడి పేరు రాయాలన్నది ఏది నిజంగా ఇష్టమన్న దాని మీద కాదు, ఇరుగుపొరుగు ఏం రాస్తారన్న అంచనా మీద ఆధారపడేది. ఆట తెలిసినవారు గెలిచేవారు. మనసులో మాట ఉన్నదున్నట్టు రాసిన అమాయకులు ఓడిపోయేవారు. అధికారుల భాషలో ఆ ఆట పేరు మాత్రం గంభీరంగానే ఉండేది: పాఠశాల ఎంపిక.

ఈ కథ అర్థం కావాలంటే అమెరికా బడుల ఏర్పాటు కొంత తెలియాలి. అక్కడ 'స్కూల్ డిస్ట్రిక్ట్' అంటే రెవెన్యూ జిల్లా కాదు. ఒక పట్టణానికో, కొన్ని ఊళ్లకో బడులు నడిపే ప్రత్యేక స్థానిక సంస్థ. చాలాచోట్ల దానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది. ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచే వస్తుంది. పిల్లవాడు ఏ బడికి వెళ్లాలో సాధారణంగా ఇంటి చిరునామాయే నిర్ణయిస్తుంది. పైకి చూస్తే ఇందులో ఎంపిక లేదు. నిజానికి ఉంది. డబ్బున్నవారు మంచి బడి ఉన్న పేటలో ఇల్లు కొనుక్కుంటారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు ఈ లెక్క బాగా తెలుసు. ఇల్లు చూడబోయే ముందు ఆ ప్రాంతపు బడికి ఎంత రేటింగ్ ఉందో చూసేవారే ఎక్కువ. ఉచిత విద్యకు ఫీజు ఇంటి ధర రూపంలో ముందే కట్టేస్తారన్నమాట. అద్దె ఇంట్లో ఉండే పేదకు మాత్రం చిరునామాయే తలరాత.

ఈ తలరాతను కొంతైనా మార్చాలన్నదే జిల్లా లోపలి ఎంపిక ఉద్దేశం. ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు బడికి పంపే వోచర్ పథకాలతో దీన్ని కలపకూడదు. ఇక్కడ బడులన్నీ ప్రభుత్వానివే. కుటుంబం తన ఇష్టాలను వరుసగా రాసిస్తుంది. ఆ జాబితాను బట్టి జిల్లా సీట్లు కేటాయిస్తుంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టిన తెలుగు తల్లిదండ్రులకు ఈ తతంగం కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ ర్యాంకు ఉంటుంది. అయిదేళ్ల పిల్లకు ర్యాంకు ఎక్కడిది? అందుకే తోబుట్టువులు అదే బడిలో ఉన్నారా, ఇల్లు దగ్గరా అన్న ప్రాధాన్యాలు, ఆ తర్వాత లాటరీ అంకె.

బోస్టన్ ఈ దారికి మనస్ఫూర్తిగా వచ్చింది కాదు. నగరంలో నల్లజాతి, శ్వేతజాతి పిల్లలను ఉద్దేశపూర్వకంగా వేరుచేశారని 1974లో ఫెడరల్ జడ్జి ఆర్థర్ గారిటీ తేల్చారు. జాతుల సమతూకం కోసం పిల్లలను బస్సుల్లో వేరే పేటల బడులకు పంపాలని ఆదేశించారు. ఆ సెప్టెంబరులో దక్షిణ బోస్టన్‌లో నల్లజాతి పిల్లల బస్సులపై రాళ్లు పడ్డాయి. తర్వాతి ఏళ్లలో వేల శ్వేతజాతి కుటుంబాలు నగరం వదిలి శివార్లకు తరలిపోయాయి. నిర్బంధంతో సాధ్యం కానిది ఎంపికతో సాధ్యమవుతుందేమోనని పొరుగునే ఉన్న కేంబ్రిడ్జ్ 1981లో ప్రయత్నించింది. కుటుంబాలు కోరుకుంటాయి, జిల్లా జాతుల సమతూకం చూసుకుంటూ కేటాయిస్తుంది. దీన్ని 'నియంత్రిత ఎంపిక' అన్నారు. 1989 నాటికి బోస్టన్ కూడా అదే బాట పట్టింది. నగరాన్ని మూడు మండలాలుగా విడగొట్టి, ఏ మండలంలోని కుటుంబం ఆ మండలంలోని బడుల్లో ఎంచుకోవచ్చంది. జాతి ప్రాతిపదికను వదిలేయాలని 1999లో నిర్ణయించినా, ఎంపిక మిగిలింది.

ఇబ్బంది సీట్లు పంచే సూత్రంలో ఉంది. కంప్యూటర్ ముందుగా ప్రతి బడినీ మొదటి ఎంపికగా రాసినవారికి సీట్లు ఇచ్చేది. మిగిలితేనే రెండో ఎంపికగా రాసినవారి వంతు. చూడడానికి ఎంతో సబబుగా కనిపించే పద్ధతి ఇది. కానీ మొదటి ఎంపికలో సీటు రాని పిల్లవాడు రెండో ఎంపిక దగ్గరికి వెళ్లేసరికి అక్కడి సీట్లు దాన్ని మొదటి ఎంపికగా రాసినవారితో నిండిపోయేవి. గిరాకీ ఉన్న రెండు బడులను మొదటి రెండు గడుల్లో రాయడమంటే ఒక అవకాశాన్ని చేజేతులా పారేసుకోవడమే. అందుకే తెలివైన తల్లిదండ్రులు సమావేశాలు పెట్టుకుని మరీ వ్యూహాలు పంచుకునేవారు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారికి, రెండు ఉద్యోగాలు చేసుకునే ఒంటరి తల్లికి ఆ సమావేశాల సంగతే తెలిసేది కాదు.

ఆర్థికవేత్తలు అతిలా అబ్దుల్‌కాదిరోలు, తైఫూన్ సోన్మెజ్ 2003లో ఒక పరిశోధనా పత్రంలో ఈ లోపాన్ని గణితపరంగా బయటపెట్టారు. తర్వాత ఆల్విన్ రోత్, నేపాలీ మూలాలున్న పరాగ్ పాఠక్‌తో కలిసి బోస్టన్ దరఖాస్తులనే పరిశీలించారు. దాదాపు అయిదో వంతు కుటుంబాలు గిరాకీ ఎక్కువున్న రెండు బడులను మొదటి రెండు స్థానాల్లో రాసి చిక్కుల్లో పడ్డాయని తేలింది. వారిలో నాలుగో వంతుకు పైగా పిల్లలకు తాము కోరిన ఏ బడిలోనూ సీటు రాలేదు. నిజం చెప్పినందుకు వారికి దక్కిన శిక్ష అది.

దీనికి మందు 1962 నుంచే పుస్తకాల్లో ఉంది. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణిత శాస్త్రవేత్తలు పెళ్లి సంబంధాలను ఉదాహరణగా తీసుకుని దాన్ని రాశారు. అసలు కిటుకు తాంబూలాలు వాయిదా వేయడంలో ఉంది. బడి తన దగ్గరికి వచ్చిన దరఖాస్తుల్లో ప్రాధాన్యం ఉన్నవారిని తాత్కాలికంగానే అట్టేపెట్టుకుంటుంది. సీటు దొరకని పిల్లవాడు తన జాబితాలోని తర్వాతి బడికి వెళ్తాడు. అతడికి అక్కడ ఎక్కువ ప్రాధాన్యం ఉంటే, అప్పటిదాకా మాట మీద ఉన్న మరొకరు లేచి తమ తర్వాతి ఎంపికకు వెళ్లాలి. ఎవరూ కదలాల్సిన అవసరం లేనప్పుడే అందరి సీట్లూ ఖాయం. ఈ పద్ధతిలో ఒక బడిని రెండో స్థానంలో రాసినంత మాత్రాన అక్కడ హక్కు తగ్గదు. కాబట్టి ఎత్తులు వేయాల్సిన పని ఉండదు. ఇష్టమైనది ఇష్టమైన వరుసలో రాస్తే చాలు. 2005 జూలైలో బోస్టన్ స్కూల్ కమిటీ పాత సూత్రాన్ని వదిలి దీన్ని చేపట్టింది. వ్యూహం తెలిసినవారికీ తెలియనివారికీ ఒకే న్యాయం జరగాలన్నది నాటి సూపరింటెండెంట్ థామస్ పేజెంట్ వాదన.

న్యూయార్క్ అంతకు ముందే, 2003-04 ప్రవేశాలతోనే ఇలాంటి మార్పు చేసింది. అక్కడ ఏటా సుమారు 90 వేల మంది ఎనిమిదో తరగతి పిల్లలు హైస్కూలు సీట్ల కోసం పోటీ పడేవారు. పాత పద్ధతిలో కొందరికి మూడు నాలుగు బడుల నుంచి పిలుపు వచ్చేది, వేల మందికి ఒక్కటీ వచ్చేది కాదు. తమను మొదటి స్థానంలో రాయని పిల్లలను పక్కనపెట్టే ప్రిన్సిపాళ్లు ఉండేవారు. ఖాళీ సీట్లను దాచిపెట్టి తర్వాత తమకు నచ్చినవారికి ఇచ్చుకునేవారూ ఉండేవారు. దాదాపు 30 వేల మంది కోరని బడిలో పడేవారు. రోత్, పాఠక్ బృందం రూపొందించిన పద్ధతిలో 12 బడుల దాకా రాయనిచ్చారు. మొదటి ఏడాదే ఆ సంఖ్య 3 వేలకు దిగింది.  2012లో రోత్, షాప్లీలకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ దక్కడానికి దారితీసిన కృషిలో ఇదీ ఒకటి.

సూత్రాల్లో మరో చిక్కు ఉంది. కాగితం మీద ఉన్న హక్కు కంప్యూటర్ లోపల ఆవిరైపోగలదు. బోస్టన్‌లో ప్రతి బడిలోనూ సగం సీట్లకు నడిచి రాగల దూరంలోని పిల్లలకు ప్రాధాన్యం ఉండేది. ప్రాథమిక బడికి ఆ దూరం ఒక మైలు. మిగతా సగం అందరికీ. దగ్గరివారికి ఇది వరమని, దూరపువారికి అన్యాయమని ఇరుపక్షాలూ ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాయి. పరిశోధకులు లోపలికి తొంగిచూస్తే ఆ కోటా దాదాపు ఏ ప్రభావమూ చూపడం లేదని తేలింది. ఎందుకంటే ముందుగా నింపుతున్నది దగ్గరివారి సగాన్నే. మంచి లాటరీ అంకె వచ్చిన దగ్గరి పిల్లలు ఆ సీట్లలో సర్దుకునేవారు. మిగిలిన దగ్గరి పిల్లలు నాసిరకం అంకెలతో రెండో సగంలో దూరపువారితో తలపడి ఓడిపోయేవారు. ఓపెన్ సీట్లు ముందు నింపాలా, రిజర్వుడు సీట్లు ముందా అన్న తగువు తెలిసిన భారతీయులకు ఈ మర్మం ఇట్టే అర్థమవుతుంది. మెరిట్ మీద ఓపెన్‌లో ఎంపికైన రిజర్వుడు అభ్యర్థిని కోటాలో లెక్కించరాదని 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు చెప్పిందీ ఇలాంటి నష్టాన్ని నివారించడానికే. బోస్టన్ 2013లో ఆ నడక దూరపు ప్రాధాన్యాన్నే రద్దు చేసింది.

సూత్రం సరిచేస్తే సరిపోతుందా? నార్త్ కరొలైనాలోని షార్లట్ అనుభవం సరిపోదంటోంది. 1971లో పిల్లల బస్సు రవాణాను సుప్రీంకోర్టు సమర్థించింది ఈ జిల్లా కేసులోనే. కోర్టుల పర్యవేక్షణ ముగిశాక 2002లో షార్లట్ ఎంపిక పద్ధతికి మారింది. ఇంటి దగ్గరి బడిలో సీటుకు హామీ. కావాలంటే మూడు బడుల దాకా కోరుకోవచ్చు. బడుల వివరాలతో జిల్లా లావుపాటి పుస్తకం అచ్చేసి ఇంటింటికీ పంపింది. అందులో ప్రతి బడీ తనను తాను పొగుడుకుంది. పిల్లలకు చదువు ఎంత వస్తోందన్న ముక్క మాత్రం అందులో తేలిగ్గా దొరకదు. ఆ తర్వాత పేద తల్లిదండ్రులకు బడుల పేర్లు, వాటి పరీక్ష ఫలితాలు మాత్రమే ఉన్న చిన్న జాబితా అందింది. దాన్ని చూసినవారిలో ఎక్కువ ఫలితాలున్న బడిని కోరుకునేవారి సంఖ్య చెప్పుకోదగ్గంతగా పెరిగిందని ఆర్థికవేత్తలు జస్టిన్ హేస్టింగ్స్, జెఫ్రీ వైన్‌స్టీన్ 2008లో ప్రచురించిన పత్రంలో చూపారు. పేద తల్లిదండ్రులకు చదువు మీద పట్టింపు లేదన్న పాత నిందకు ఇది గట్టి జవాబు. వారికి లేనిది సమాచారమే.

సమాచారం తర్వాత బస్సు. పనివేళలు మార్చుకోలేని తల్లికి, కారు లేని ఇంటికి ఊరికి అవతల ఉన్న మంచి బడి కాగితం మీది ఎంపికే. అమెరికా ప్రభుత్వం 2002లో తెచ్చిన 'ఏ బాలుడూ వెనకబడరాదు' చట్టం వరసగా రెండేళ్లు లక్ష్యం చేరుకోని బడిలోని పిల్లలకు జిల్లాలోని మరో ప్రభుత్వ బడికి మారే హక్కు ఇచ్చింది. రవాణా ఖర్చు కూడా జిల్లాయే భరించాలంది. అయినా అర్హుల్లో దాన్ని వాడుకున్నవారు నూటికి ఒకరో ఇద్దరో. ఉత్తరాలు ఆలస్యంగా, లాయర్ల భాషలో వెళ్లాయి. అంతకు మించి, వెళ్లదగ్గ బడుల్లో ఖాళీల్లేవు. 2015 చివర్లో వచ్చిన కొత్త చట్టం ఈ ఏర్పాటును తప్పనిసరి కాకుండా చేసింది.

అసలు కథ ఈ ఖాళీల దగ్గరే ఉంది. ఎంత గొప్ప సూత్రమైనా ఉన్న సీట్లను పంచగలదే కాని కొత్త సీటును పుట్టించలేదు. బోస్టన్ 2014 నుంచి ఇంటి ఆధారిత పద్ధతికి మళ్లింది. బడులను పరీక్ష ఫలితాలను బట్టి నాలుగు శ్రేణులుగా విభజించింది. ప్రతి ఇంటికీ మైలు దూరంలోని బడులతో పాటు, మేలు శ్రేణి బడులు కొన్నయినా జాబితాలో తప్పక ఉండేలా చూసింది. లెక్క పకడ్బందీగానే ఉంది. కానీ నాలుగేళ్ల తర్వాత, 2018లో, నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నేతృత్వంలో జరిగిన సమీక్ష చేదు నిజం చెప్పింది. నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటల చుట్టుపక్కల మంచి బడులు తక్కువ. ఉన్న కొద్దిపాటి సీట్లకు పోటీ ఎక్కువ. జాబితాలో మంచి బడి పేరుంది, దొరికే అవకాశం మాత్రం సన్నగిల్లింది.

సీట్లు పుట్టించిన ఉదాహరణ కూడా ఉంది. న్యూయార్క్‌లోని 32 స్థానిక జిల్లాల్లో తూర్పు హార్లెమ్‌కు చెందిన నాలుగో జిల్లా 1970ల మొదట్లో చదివే సామర్థ్యంలో అట్టడుగున ఉండేది. 1973లో సూపరింటెండెంటుగా వచ్చిన ఆంథొనీ అల్వరాడో ఉత్సాహం ఉన్న టీచర్లను పిలిచి చిన్న చిన్న బడులు పెట్టుకోనిచ్చారు. 1974లో డెబొరా మేయర్ ప్రారంభించిన సెంట్రల్ పార్క్ ఈస్ట్ అందులో పేరెన్నికగన్నది. ఒకే భవనంలో రెండు మూడు బడులు నడిచేవి. ముందు ఎంచుకోదగ్గ బడులు వచ్చాయి, తర్వాతే ఎంపిక వచ్చింది. 1980ల మొదటికి ఆ జిల్లా అట్టడుగు నుంచి నడిమధ్యకు చేరింది. అదనపు ఫెడరల్ నిధులు, బయటి నుంచి వచ్చిన పిల్లలు కూడా ఈ మార్పుకు కారణమని విమర్శకులు ఎత్తిచూపారు. అందులో నిజముంది. కానీ ఆ విమర్శ చెప్పేది కూడా అదే: ఎంపికకు డబ్బు, మనుషులు తోడు కావాలి.

మరి కోరిన బడి దొరికిన పిల్లలకు ఒరిగిందేమిటి? లాటరీలో గెలిచినవారినీ ఓడినవారినీ పోల్చిన అధ్యయనాలు ఈ ప్రశ్నకు నికార్సయిన జవాబులిస్తాయి. షికాగో హైస్కూళ్లపై 2006లో వచ్చిన అధ్యయనంలో గెలిచినవారి మార్కులు సగటున పెరగలేదు. కానీ పోలీసు కేసుల బెడద తగ్గింది. షార్లట్ లాటరీలను డేవిడ్ డెమింగ్ పరిశీలించి 2011లో ప్రచురించిన పత్రం కూడా ఇదే చెప్పింది. దారి తప్పే ప్రమాదం ఎక్కువున్న అబ్బాయిలు కోరిన బడికి వెళ్లాక, ఏడేళ్ల తర్వాత కూడా తీవ్ర నేరాల్లో తక్కువగా అరెస్టయ్యారు. కుటుంబాలు బడిలో మార్కులొక్కటే చూడవని, భద్రత చూస్తాయని, వారి అంచనా పొరపాటు కాదని దీని సారాంశం.

ఎంపికకు మూల్యం కూడా ఉంది. జాతిని చూసి సీట్లు కేటాయించడం చెల్లదని 2007లో సియాటిల్, లూయీవిల్ కేసుల్లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తీర్పునిచ్చింది. నియంత్రణ లేని ఎంపిక కలిపే బదులు విడదీయగలదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరమంతటా ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చినా బడుల్లో వేర్పాటు తగ్గలేదని 2018 డిసెంబరులో అక్కడి బోర్డు ఆ పద్ధతిని మార్చాలని తీర్మానించింది. అదే కేంబ్రిడ్జ్ 2001లో జాతి స్థానంలో కుటుంబ ఆదాయాన్ని ప్రాతిపదికగా తీసుకుని నియంత్రిత ఎంపికను నిలుపుకుంది.

భారతదేశంలో ఎంపిక చర్చ ఇంతకన్నా భిన్నమైన బాటలో సాగింది. ఇక్కడ ఎంపిక అంటే ప్రభుత్వ బడి నుంచి ప్రైవేటు బడికి పోవడమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల్లో, 180 గ్రామాల్లో 2008లో మొదలైన వోచర్ ప్రయోగం దీన్నే పరీక్షించింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, లాటరీలో గెలిచి ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలకు తెలుగులో, లెక్కల్లో అదనంగా వచ్చిందేమీ లేదు. హిందీలో మెరుగుపడ్డారు. ప్రైవేటు బడులు ఆ పనిని ప్రభుత్వ ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువకే చేశాయి. ఇరుపక్షాలూ ఆ ఫలితాల్లో తమకు నచ్చింది వెతుక్కున్నాయి. ప్రభుత్వ బడుల మధ్యనే ఎంచుకునే వీలు కల్పిస్తే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం అందులో లేదు.

ఇక ప్రభుత్వ రంగంలోనే ఉన్న నవోదయ విద్యాలయాలు, గురుకులాల సంగతి వేరు. వాటికి పేరుంది, గిరాకీ ఉంది. నవోదయలో ఆరో తరగతికి తీసుకునేది గరిష్ఠంగా 80 మందిని, అదీ పరీక్ష పెట్టి. అక్కడ ఎంచుకునేది కుటుంబం కాదు, బడి. పరీక్షలో వెనకబడ్డ పిల్లవాడు ఊళ్లోని బడికే తిరిగొస్తాడు. ఆ బడి ఎలా ఉందని అడిగే గడి ఏ దరఖాస్తులోనూ ఉండదు.

అమెరికా అనుభవంలో ఎక్కువగా పట్టించుకోని పాఠం ఆ గడి గురించే. న్యాయమైన సూత్రం తల్లిదండ్రుల చేత నిజం రాయిస్తుంది. ఆ నిజాలన్నీ పోగేస్తే ఏ బడిని ఎవరూ కోరుకోవడం లేదో జిల్లా బల్ల మీద పేరుపేరునా తేలుతుంది. పరీక్ష ఫలితాల కన్నా, తనిఖీ నివేదికల కన్నా నమ్మదగ్గ ఫిర్యాదు అది. దాన్ని చదివి ఆ బడికి మంచి ప్రధానోపాధ్యాయుడిని, డబ్బును, బస్సును పంపిన జిల్లాలో ఎంపిక సంస్కరణ అవుతుంది. సీట్లు పంచేసి ఆ కాగితాలను అటకెక్కించిన జిల్లాలో అది లాటరీగానే మిగులుతుంది. గెలిచినవారు బస్సెక్కి వెళ్లిపోతారు. ఎవరూ కోరని బడి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఓడిన పిల్లలు మర్నాడు పొద్దున్నే వెళ్లాల్సింది అక్కడికే.